తాగని దోసెడు

టెంకాయ వచ్చి వాకిట్లో పడింది.

పగల్లేదు. మూడు రోజులుగా కల్లాపి ఎరగని వాకిట్లో దుమ్ము లేపుకుంటూ దొర్లి, చైతన్య బైకు చక్రానికి తగిలి ఆగింది.

"ఇంగ దాన్ని ఈ ఇంట్లో పెట్టినారంటే నేను మా పుట్టింటికి పోతా!" లోపలి నుంచి చెన్నమ్మ కేక.

చెన్నమ్మ పుట్టిల్లూ ప్రశాంతి పుట్టిల్లూ ఒకటే. అన్న కూతుర్నే కోడలుగా తెచ్చుకుంది చెన్నమ్మ. అందుకని అత్త ఈ బెదిరింపు విసిరినప్పుడల్లా 'పోనీలే, మా నాయనకు తోడుంటుంది' అనుకుని ప్రశాంతి లోలోపల నవ్వుకునేది. ఈ పొద్దు నవ్వు రాలేదు. అంట్లు తోముతున్న బూడిద చేతులతోనే లేచి టెంకాయను తీసింది. పీచుకు కట్టిన పసుపుదారం అట్లాగే ఉంది.

చిక్కంతా ఆ దారం అట్లాగే ఉండటంలోనే ఉంది. ఆమె మామ బయ్యన్న అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలం మీద నడిచి నీళ్ళు చూసే మనిషి. అడ్డంగా పడుకున్న టెంకాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ బోరు పాయింటు. నీళ్ళు పడినరోజు మళ్ళీ అక్కడికి పోయి, అదే టెంకాయను అక్కడే కొట్టి, పైకి వచ్చిన మొదటి దోసెడు నీళ్ళు తాను తాగి వస్తాడు. ఆయన తాగాకే ఆ పొలంవాళ్ళు తాగుతారు. చూపించినవాడు తాగితే, మంచికైనా చెడ్డకైనా ఆ పాయింటు అతనిదే. నలభై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల అంతే.

నెల కిందట సోలార్ ప్లాంటులో బోరు వేసినరోజు మాత్రం, ఆరువందల నలభై అడుగుల దగ్గర నీళ్ళు ఎగజిమ్మి ప్లాంటువాళ్ళంతా చప్పట్లు కొడుతుంటే, బయ్యన్న ఆ నీళ్ళను తాకనైనా తాకలేదు. టెంకాయను కండువాలో చుట్టుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చేశాడు. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత వాళ్ళ ఊరు నల్లగుట్టపల్లిలో బోర్లు ఒక్కొక్కటే బురద కక్కి ఆగిపోయాయి. మూడు రోజుల కిందట ఆఖరిది, బయ్యన్న సొంత చీనీ బత్తాయిల తోటలోదే, ఎండిపోయింది. ఆ పూట తోటకు పోయిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. ఎవరితోనూ పలకలేదు.

ఇప్పుడు ఊరికి వేరే మాట లేదు. ఎవరి నోట విన్నా ఆ తాగని దోసెడే.

"పారేస్తే ఏమొస్తాదిమా?" అన్నాడు ప్రశాంతి మొగుడు చైతన్య. తెల్లవారుజాము నుంచి ప్లాంటులో పలకలు కడిగించి అప్పుడే ఇల్లు చేరాడు. మెరిసే పట్టీల చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. "ఆ పొద్దే నాయన ఆడ దాన్ని కొట్టేసి, దోసెడు తాగి వచ్చింటే ఈ గలాటానే ఉండకపాయ."

"యాడ తాగుతాడురా? ఊరి గొంతు ఎండబెట్టే నీళ్ళు ఆయప్ప గొంతులో ఎట్ల దిగుతాయి?"

"నాయన ఎండబెట్టినాడా? పాయింటు చూపించినాడు, అంతే. చూపించేది ఆయన పని."

"ఆయప్పను ఆడికి తోడుకోని పొయ్యింది ఎవరు మరి?"

చైతన్య చెప్పులు విప్పాడు, మళ్ళీ వేసుకున్నాడు. ఎక్కడికి పోవాలో తెలియని మనిషి చేసే పని అది.

"నేను తోడుకోని పోకుంటే మిషన్‌తో నీళ్ళు చూసేటోళ్ళు వస్తాండ్రి," అన్నాడు చివరికి. ఆ మాట చెన్నమ్మకు చెప్పినట్టు లేదు. తనకు తానే చెప్పుకున్నట్టుంది. తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు. "పదకొండుకి పాత సర్పంచు గంగాధరప్ప ఊరిని తోడుకోని తోట కాడికి వస్తాడంట. నాయనకు చెప్పు ప్రశాంతీ. ఒకటే మాట. 'పాయింటు నాదే, నా పని నేను చేసినా' అనమను. ఇంగో మాట వద్దు. 'మా వాడు బలవంతం చేసినాడు, కంపెనీవాళ్ళు బలవంతం చేసినారు' అన్నాడంటే, సాయంత్రానికి ఈ చొక్కా ఊడదీసుకుంటారు."

"నేను చెప్తే పలుకుతాడా బావా? మూడు దినాల నుంచి సంగటి కూడా ముట్టల్యా."

"నీ మాటంటే వింటాడు. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాండాడు."

ఆ చివరి మాట అంటున్నప్పుడు చైతన్య గొంతు చిన్నపిల్లవాడి గొంతులా అయింది. ప్రశాంతికి మొగుడి మీద కోపమూ జాలీ రెండూ ఒక్కసారే వచ్చాయి. ఏదో ఒకటి అనబోయింది. ఇంతలో అతని ఫోను మోగింది. విన్నాడు. ముఖం మారింది.

"వస్తాండా, వస్తాండా. ఏమీ ముట్టుకోవద్దండి," అని బైకు ఎక్కాడు. ఏమిటని అడిగే లోపలే సందు మలుపు తిరిగాడు.

చెన్నమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. కోడలి చేతిలోని టెంకాయను చూసింది గాని మళ్ళీ పారేయమనలేదు.

"తీసకపో దాన్ని. ఆయప్ప కాడనే పెట్టు," అంది. "రాత్రి అంతా గూట్లో దొర్లుతానే ఉండె. ఎలకలేమోనని లేచి చూస్తి. ఎలకలు ల్యావు."

*

తోటకు పోయే దారి సగం దూరం ప్లాంటు కంచెను ఆనుకునే పోతుంది. రాగి సంగటి, ఊరిమిండి పచ్చడి, ఒక విస్తరి, వాటి పక్కనే టెంకాయ, ఇన్నీ గంపలో పెట్టుకుని ప్రశాంతి నడుస్తోంది. అటు వైపు చూడకుండా నడవాలనే అనుకుంది. ఎవరు మాత్రం చూడకుండా నడవగలరు? కంటికి ఆనినంత దూరం నల్లనీలం పలకలు. పోయిన ఏడు దాకా అక్కడ వేరుశనగ బుడ్డల చేలు, జొన్న, కొర్ర, గొర్రెల మందలు. ఇప్పుడు గొర్రె కాదు గదా, బల్లి కూడా కనిపించదు.

ఆ పలకలు ఎండతో పాటు తిరుగుతాయి. ఏ కాసేపటికో ఒకసారి, ఎవరో చెప్పినట్టు, వేలకు వేలు ఒక్కసారే కొంచెం కదులుతాయి. కిర్రుమని ఒక చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం. నెలల తరబడి వింటున్నా ఆ చప్పుడుకు ప్రశాంతి అడుగు తడబడుతూనే ఉంటుంది.

ఈ పొద్దు పలకల మీద కొంగలు వాలి ఉన్నాయి. శింగనమల చెరువు వైపు పోవలసినవి, ఈ మెరుపు చూసి నీళ్ళని దిగి ఉంటాయి. నాలుగు నిలబడి ఉన్నాయి. కాలెత్తడం, జారడం, మళ్ళీ కాలెత్తడం. ఒకటి ముక్కుతో పలకను పొడుస్తోంది. పొడిచిన చోట చేప లేదని దానికి ఎంతకీ నమ్మకం కుదరడం లేదు. అయిదోది పలక అంచున రెక్క విరిచుకుని పడి ఉంది.

మూడేళ్ళ కిందట ఇదే దారిలో ఊరివాళ్ళంతా నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు. బడి ఆవరణలో కూర్చోబెట్టి, 'బొగ్గు లేదు, పొగ లేదు, దేశానికి శుభ్రమైన కరెంటు, మీ పల్లెకు పేరు' అని చెప్పిన రోజది. శుభ్రమైంది కాబట్టి దీనికి పర్యావరణ అనుమతి అక్కరలేదట, ఊరిని పిలిచి అభిప్రాయం అడిగే సభ కూడా అక్కరలేదట, ప్రభుత్వ విధానమే అట్లా ఉందట. "వాళ్ళు అడిగేది మన ఎండనే గదప్పా! ఎంత కావల్నో అంత తీసుకోనీ, పీడ పోతాది!" అన్నాడు గంగాధరప్ప. అప్పుడు అతనే సర్పంచు. అనంతపురం జిల్లాలో పుట్టినవాడెవడైనా ఆ మాటకు నవ్వకుండా ఉండగలడా? అందరూ నవ్వారు. అందరూ సంతకాలు పెట్టారు. ఎండతో పాటు దుమ్ము కూడా ఉంటుందని, దుమ్ము పడిన పలక కరెంటు ఇవ్వదని, లక్షల పలకలు కడగాలంటే నీళ్ళు కావాలని ఏ కాగితంలోనూ ఎవరికీ కనిపించలేదు.

బయ్యన్న బోరు పక్కనే కూర్చుని ఉన్నాడు. మూడు రోజుల గడ్డం. ఎదురుగా మోటారు తీసేసిన కేసింగ్ పైపు మోకాలెత్తున భూమిలోంచి పొడుచుకుని ఉంది. చీనీ చెట్లు ఆకు ముడుచుకుని నిలబడి ఉన్నాయి. ఒక్క కొమ్మ కదలడం లేదు, చెమట బొట్టు ఆరనంత ఉక్క.

ప్రశాంతి గంప దించింది. విస్తరి పరిచి, సంగటి ముద్ద పెట్టి, ఆయన ముందుకు జరిపింది. తాను రెండు బారల దూరంలో కూర్చుంది. ఏమీ అడగలేదు. ఎన్నాళ్ళ నుంచో తెలిసిన మనిషి. అడిగితే బిగుసుకుంటాడు, అడగకపోతే ఎప్పుడో ఒకప్పుడు వదులవుతాడు.

చాలాసేపటికి బయ్యన్న చెయ్యి చాపాడు. తినడానికి కాదు. ముద్దను తీసి గంపలో పెట్టి, విస్తరి దులిపి, దాన్ని తీసుకెళ్ళి పైపు నోటి మీద పెట్టాడు.

విస్తరి చప్పున అతుక్కుంది. కింది నుంచి ఎవరో పెదవులతో పట్టుకున్నట్టు నడుము లోపలికి గుంటపడి, ఈనెలు బిగుసుకుని సన్నగా వణికాయి.

ఈ వింత ప్రశాంతి ముందే కనిపెట్టింది. మొదటి రోజు మూతగా కప్పిన సిమెంటు సంచి లోపలికి పీక్కుపోవడం చూసి భయంతో ఇంటికి పరుగెత్తింది. తర్వాత నిలబడి గమనించింది. ప్లాంటులో మోటారు నడిచేటప్పుడు పైపు గాలి పీలుస్తుంది, మోటారు ఆపగానే వదిలేస్తుంది. అక్కడ నీళ్ళు తోడుతుంటే ఇక్కడ భూమి డొల్లయి గాలిని లాక్కుంటోందని చైతన్యే చెప్పాడు. కారణం తెలిశాక భయం తగ్గాలి. తగ్గలేదు.

"పీలుస్తాంది," అన్నాడు బయ్యన్న.

మూడు రోజుల తర్వాత మొదటి మాట.

"ఆడ మోటారు ఇంకా ఆడతాండాది మామా. అందుకే."

ఆయన విస్తరి వైపే చూస్తూ అన్నాడు. "ఆ పాయింటు నాది కాదు పాపా."

"మరి ఎవరు చూపించినారు?"

"చూపించింది నేనే. నీళ్ళకని చూపించల్యా." ఆగాడు. "నీళ్ళు ల్యాని చోటు యాదో వెదికి చూపించినా."

ప్రశాంతికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మామ దగ్గరికి జరిగింది.

"వాడు వచ్చి బతిమలాడె. నువ్వు చూపించకుంటే నన్ను తీసేస్తారు నాయనా అనె. ఊరి నీళ్ళు ఎట్ల చూపిస్తా చెప్పు? వద్దంటే వాని పని పాయ. అందుకే ఈ ఉపాయం చేస్తి. ఆడ బోరు దించి, ఉత్త దుమ్ము వచ్చేది చూసుకోని, ఈ నేలలో నీళ్ళు ల్యావని వాళ్ళే వేరే దారి చూసుకుంటారు అనుకుంటి."

"ఆడ నీళ్ళు ల్యావని నీకెట్ల తెలుసు?"

"మా నాయన మూసిన బాయి అది." బయ్యన్న మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "నాకప్పుడు ఎనిమిదేండ్లు. మూడేండ్లాయ వాన పడక. మా నాయన వెంకటప్ప, మా చిన్నాయనలు కలిసి ఆడ బాయి తవ్విరి. పన్నెండు నిలువులు దిగినా పిడికెడు మన్ను తడి కాల్యా. అడుగున బండ. బండలో చెయ్యి పట్టేంత నెర్ర. మనిషిని దింపే ముందర దీపం దింపుతారు గదా, లోపల గాలి మంచిదో కాదో అని. ఆ పొద్దు ఆముదం దీపం దింపిరి. నేను గట్టు మీద బోర్లా పడుకోని చూస్తాండా. దీపం అడుక్కు పోయినంక మంట నిటారుగా నిలబడల్యా. నెర్ర పక్కకు వంగె. నోటితో పీలుస్తాంటే వంగినట్ల... వంగి, వంగి, ఆరిపాయ. తాడు పైకి లాగితే తాడొక్కటే వచ్చె."

"దీపం?"

"రాల్యా."

"ముడి ఊడిపోయింటాది మామా."

"ముడి అట్లనే ఉండె పాపా," అన్నాడు బయ్యన్న నెమ్మదిగా. "దీపమే ల్యా."

పలకలు కిర్రుమన్నాయి. ఇద్దరూ తలెత్తి అటు చూసి, మళ్ళీ తలలు దించుకున్నారు.

"'ఈడ ఉండేది నీళ్ళు కాదు, ఎవరికీ చూపించొద్దు' అని మా నాయన బండ మూయించి మన్ను కప్పించె. నాకు ఇరవై ఏండ్లప్పుడు ఆగల్యాక ఒగసారి టెంకాయ తీసకపోతి. చేతిలో పీనుగ మాదిరి పడుకునె. మొన్న ప్లాంటోళ్ళ ముందర కూడా అట్లనే పడుకునింటే, నేనే బొటనవేలితో లేపి నిలబెట్టినా."

ప్రశాంతికి ముందు కలిగింది సంతోషమే. పట్టలేని సంతోషం. మామ ఊరికి ద్రోహం చేయలేదు. ఊరి కోసం అబద్ధమాడాడు. "అయితే ఇంగేమి మామా! పదకొండుకి అందరూ వస్తాండారు. ఉండేది ఉన్నట్టు చెప్పు. ఎవరు తప్పంటారు?"

బయ్యన్న నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆమె సంతోషం నిలవలేదు.

"చెప్పినాననుకో. టెంకాయ పడుకున్న తావున నీళ్ళు పడినాయి. మరి టెంకాయ నిలబడిన తావుల్లో? గార్లదిన్నె కాడ, శింగనమల కాడ, మీ నాయన పొలంలో... రెండు నూర్లకు పైన చూపించినా. నా చెయ్యి చూసి నమ్మి తవ్వించినారు. ఎండిన బోరు కాడ కూడా నన్ను ఒక మాట అనల్యా. చెయ్యి మంచిది, మా రాత బాగల్యా అనిరి. ఇప్పుడు నా చెయ్యి ఉత్తదని నా నోటితోనే చెప్పల్నా?"

ప్రశాంతి గంపలోని టెంకాయను చూసింది.

"చెప్పకుంటే ఊరికి ద్రోహిని. చెప్తే నలభై ఏండ్లు దొంగను. వాడు చెప్పమన్నట్ల 'పాయింటు నాదే' అంటే వాని పనైనా నిలబడతాది. కానీ ఆ దోసెడు తాగమంటారు పాపా. తాగితే అది నాదైతాది."

*

పదకొండు కాకముందే వచ్చారు. ముప్పై మందికి తక్కువ లేరు. ముందు గంగాధరప్ప. మూడేళ్ళ కిందట అందరిచేతా సంతకాలు పెట్టించింది తానే కాబట్టి, ఈ గొడవ మొదలైనప్పటి నుంచి అందరికన్నా రెండడుగులు ముందే నడుస్తున్నాడు. అతని పక్కన కాలనీ రూతు. ఆమె ప్లాంటులో పలకలు కడిగే కూలి. చేతిలో రెండు లీటర్ల సీసా, దాని నిండా నీళ్ళు.

"ఏమప్పా బయ్యన్నా, బాగుండావా?" అన్నాడు గంగాధరప్ప. బాగుండాడో లేదో కనిపిస్తూనే ఉంది.

బయ్యన్న లేచి నిలబడ్డాడు.

"శానా సేపు ఈడ నిలబడేది ల్యా. ఎండ చూస్తాండావు గదా. రూతూ, చెప్పుమా నువ్వు."

"చెప్పేదేముందన్నా? మా కాలనీలో కుళాయి ఎండి పది దినాలాయ. పలకలకు పట్టే నీళ్ళే ఇట్ల సీసాలో పట్టుకోని ఇంటికి తెచ్చుకుంటాండాము. మొన్నటి నుంచి అవీ రొంత నూనె వాసన వస్తాండాయి. మోటారు గ్రీజు ఏమో. మా అత్త నోట్లో పెట్టుకోనంటాది." రూతు బయ్యన్న కళ్ళలోకి సూటిగా చూసింది. "మాకు నీళ్ళు చూపించింది నువ్వే బయ్యన్నా. ఆ పొద్దు మొదటి దోసెడు తాగి, 'పిల్లాజెల్లా చల్లగా ఉండండి' అని పోతివి. ఇది యాల తాగల్యా?"

గంగాధరప్ప సీసా అందుకుని బయ్యన్న ముందు రాతి మీద పెట్టాడు. "ఆచారం నీదే. తాగితే పాయింటు నీది, దానికి జవాబుదారు నువ్వే. తాగకుంటే ఎవరిదో చెప్పు. రెండిట్లో ఒకటి తేలాల."

ప్రశాంతి గంప పక్కన నిలబడి ఉంది. తాగితే బాగుండునని మనసులో అనిపించింది. చైతన్య పని నిలబడుతుంది, మామ చేతికి మచ్చ రాదు, ఊరు నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటుంది. అట్లా అనిపించినందుకు ఆమెకే సిగ్గేసింది.

బయ్యన్న సీసా వైపు చూశాడు. ఊరి వైపు చూశాడు. కొడుకు కనిపిస్తాడేమోనని దారి వైపు చూశాడు.

"ఆడ నీళ్ళు ల్యావనే చూపించినా," అన్నాడు.

తర్వాత అంతా చెప్పేశాడు. బాయి గురించి చెప్పాడు, తండ్రి మూసిన బండ గురించి చెప్పాడు, బొటనవేలితో టెంకాయను లేపిన సంగతీ చెప్పాడు. దీపం సంగతి మాత్రం చెప్పలేదు. కొడుకు పేరు ఎత్తలేదు. చెప్పడం అయిపోయాక కండువా తీసి మెడ తుడుచుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

గుంపులోంచి ఓబిలేష్ ఫక్కున నవ్వాడు. వయసు కుర్రవాడు, దేనికైనా ముందు నవ్వే రకం. "ల్యాని తావు చూపిస్తే పడినాయా! ఉండే తావు చూపిస్తే..."

నవ్వు అక్కడే ఆగిపోయింది. ముఖంలో రంగు మారడం ప్రశాంతికి స్పష్టంగా కనిపించింది.

"మా నాయన నాలుగు బోర్లు వేయించినాడు," అన్నాడు ఓబిలేష్. "నీ చెయ్యి చూసి. నాలుగోదాంట్లో పడినాయి. ముందర మూడిట్లో... అప్పుడు కూడా టెంకాయ నిలబడిందా బయ్యన్నా? నువ్వే నిలబెట్టినావా?"

"అప్పుడు నిలబడిందిరా. అదే నిలబడింది."

"ఎట్ల నమ్మల్ల?"

గుంపులో ఒక్కొక్కరూ తమ తమ పొలాల వైపు చూసుకుంటున్నారు. ఆ చూపులు చూడలేక ప్రశాంతి తల తిప్పుకుంది. కొట్టినా బాగుండేది, తిట్టినా బాగుండేది.

గంగాధరప్ప గొంతు సవరించుకున్నాడు. "ఆ పంచాయితీ మళ్ళ. ఎవరు చూపించినా తాగేది ప్లాంటోడే గదా. అదిగో, విస్తరి చూడండి, ఎట్ల లాక్కుంటాందో! ఒక పని చేద్దాము. చైతన్యకు ఫోన్ చేసి అయిదు నిమిషాలు మోటారు ఆపమందాము. విస్తరి ఊడి పడిందంటే, ఊరి నీళ్ళు ఆ మోటారే తాగుతాందని ముప్పై మంది సాక్షి. కలెక్టరు కాడ కూడా నిలబడే మాట అది. ఏమంటారు?"

అందరికీ కొంచెం ప్రాణం లేచి వచ్చింది. కోపం పెట్టుకోవడానికి ఒక చోటు దొరికింది. ప్రశాంతి ఫోను తీసేలోపే బైకు చప్పుడైంది. చైతన్యే వచ్చాడు. మోచేతుల దాకా నల్లటి గ్రీజు, మెరిసే చొక్కా నిండా ఎర్రబురద.

"నాయన చెప్పేసినాడా?" అన్నాడు దిగుతూనే. పెళ్ళాం ముఖం చూశాక జవాబు అక్కరలేకపోయింది. చొక్కా గుండీ ఒకటి విప్పి, మిగతావి విప్పకుండా అట్లాగే నిలబడ్డాడు.

"నీ పని గురించి మళ్ళ చూస్తాంలేప్పా," అన్నాడు గంగాధరప్ప. "ముందు లోపలికి ఫోన్ చేసి మోటారు ఆపమను. అయిదు నిమిషాలు చాలు."

"మోటారా?"

"అవునప్పా. మీ బోరు మోటారు."

"అది పొద్దున ఎనిమిదికే కాలిపాయ," అన్నాడు చైతన్య. "దానికే నన్ను పిలిచింది. పైపులన్నీ ఊడదీసి గట్టున పెట్టినాము. మూడు గంటలాయ మోటారు ఆగి. ఇప్పుడు ఆ బోర్లో ఏమీ ల్యా. ఒట్టిగా ఉండాది."

ముప్పై జతల కళ్ళు పైపు మీదికి తిరిగాయి.

విస్తరి అతుక్కునే ఉంది. వాళ్ళు చూస్తుండగానే నడుము ఇంకా లోపలికి దిగింది. ఆకులు కుట్టిన ఈనెలు ఒక్కొక్కటే టిక్కుమని తెగాయి. విస్తరి మడత పడి, పైపు నోట్లోకి జారిపోయింది. కింద పడిన చప్పుడు వినబడుతుందని అందరూ చెవులు రిక్కించారు. ఎంతసేపటికీ వినబడలేదు.

రూతు రెండడుగులు వెనక్కి వేసింది. ఓబిలేష్ ఆమె వెనక్కి పోయాడు.

బయ్యన్న ఒక్కడే కదిలాడు. రాతి దగ్గర గొంతుకూర్చుని రెండు చేతులూ దోసిలి పట్టాడు.

"పాపా. సీసా తీసుకోని నా చేతుల్లో పొయ్యి."

"వద్దు మామా."

"ఊరి నీళ్ళు పీలుస్తాండేది మోటారు కాదు, మా నాయన మూసిన నెర్ర. తెరిచింది నేను. పొయ్యి."

"వద్దు నాయనా!" చైతన్య ముందుకు వచ్చాడు. బయ్యన్న ఆ మూడు రోజుల్లో మొదటిసారి కొడుకు ముఖంలోకి చూశాడు. అందులో కోపం లేదు. చైతన్య ఆగిపోయాడు.

ప్రశాంతి పోసింది. సగం నేలపాలైంది. మిగిలిన దోసెడు బయ్యన్న కళ్ళు మూసుకుని తాగాడు. గుక్క దిగడం అందరికీ కనిపించింది.

"ఇప్పుడు నాదే," అన్నాడు.

తడి అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ఎవరినీ పిలవకుండా, కోడలి వైపు మాత్రమే ఆ చేతులు చాపాడు.

ప్రశాంతి వంగి వాసన చూసింది. గ్రీజు కాదు. ఆముదం. దాంతో పాటు, అప్పుడే ఆరిపోయిన వత్తి పొగ.